ధవళేశ్వరంలో కాపురం, ఏటిగట్టు మీద తిండి

రాజమండ్రికి బదిలీ అయ్యాక ఇల్లు ఎక్కడ తీసుకోవాలని అడిగితే ఆఫీసులో అందరూ దానవాయిపేట అన్నారు. మేము ధవళేశ్వరంలో తీసుకున్నాం. అద్దె తక్కువ, పాప స్కూలు బస్సు వీధి చివరికే వస్తుంది, సాయంత్రం నడుచుకుంటూ వెళ్తే గోదావరి గట్టు. రాజమండ్రి పెరిగి పెరిగి ఇక్కడిదాకా వచ్చేసింది కాబట్టి ఊరు ఎక్కడ అయిపోయి శివారు ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకి తెలియదు. మా ఆవిడకి ఒక్కటే బెంగ, బయట తినాలంటే ఏముంటాయిక్కడ అని. ఫోన్లో ఆర్డర్ పెడితే రాజమండ్రి నుంచి రావాలి, వచ్చేసరికి చల్లారిపోతుంది.

పెద్ద బోర్డు పెట్టిన హోటళ్ళు ఇక్కడ తక్కువే. తిండి మాత్రం ఎక్కడ చూసినా ఉంది. దాన్ని వెతికే పద్ధతి వేరు. బ్యారేజీ గేట్లు ఎత్తారా, కాలువల్లో నీళ్ళున్నాయా, ఏటికి ఎర్రనీళ్ళు వచ్చాయా అని అడగాలి. ఆ జవాబుని బట్టి ఆ వారం ఏం తినాలో తెలుస్తుంది. మా ఇంటి యజమానురాలు మామ్మగారు నాకు ఇది నేర్పారు.

గోదావరి ఇక్కడిదాకా ఒకటే ఏరు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని చీలిపోతుంది. ఆ చీలే చోట కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టించాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ ఆనకట్ట స్థానంలో వచ్చింది. మొత్తం 175 గేట్లు. మధ్యలో పిచ్చుకలంక, బొబ్బర్లంక లాంటి లంకలు. తూర్పు డెల్టా కాలువ ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టా కాలువ బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టా కాలువ విజ్జేశ్వరం దగ్గర బయల్దేరతాయి. అటు కాకినాడ వైపు నుంచి ఇటు నరసాపురం దాకా పండే వరి ఈ తూముల నుంచి వెళ్ళే నీళ్ళతోనే. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆదివారం పాపని కాటన్ మ్యూజియంకి తీసుకెళ్ళాం. తను నమూనా గేట్లు చూస్తుంటే నేను బయట బండి మీద వేగుతున్న బజ్జీల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ బండి సంగతి తర్వాత చెప్తాను.

పొద్దున్న టిఫిన్‌కి మేము ఖాయం చేసుకున్నది కాలువ గట్టు మీది బండి. పేరు లేదు, రేకుల షెడ్డు, రెండు బల్లలు. ఆ బాబాయ్ వేసే పెసరట్టు కోసం రాజమండ్రి నుంచి బైకుల మీద వస్తారు. పెసలు పొట్టుతోనే నానబెట్టి, పచ్చిమిర్చి, అల్లం వేసి మరీ మెత్తగా కాకుండా రుబ్బుతాడు. పెనం మీద గరిటె తిప్పేటప్పుడు అంచులు పలచబడి చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లోంచి నూనె లోపలికి దిగి అంచు కరకరలాడుతుంది, మధ్యలో మాత్రం మెత్తగా ఉంటుంది. పైన ఉల్లిపాయ, జీలకర్ర, అల్లం తరుగు. "ఆయ్, ఉప్మా పెట్టమంటారాండి మాస్టారూ?" అని అడుగుతాడు, మనం తలూపేలోపే గరిటెడు ఉప్మా మధ్యలో పెట్టి మడత పెట్టేస్తాడు. అల్లం పచ్చడిలో బెల్లం బాగా తగలాలి, ఆయన చేతిలో తగులుతుంది. పూరీ తీసుకుంటే బొంబాయి చట్నీ. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ శెనగపిండి కూర అని ఏదో పోసేవారు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ చట్నీ పలచగా, పసుప్పచ్చగా, కరివేపాకు పోపుతో పొగలు కక్కుతూ ఉంటుంది.

తొమ్మిదిన్నర దాటితే పిండి అయిపోతుంది. ఇంకొంచెం రుబ్బుకోవచ్చు కదా బాబాయ్ అంటే, "మధ్యాహ్నం చేలో పనుందండి" అన్నాడు. ఆయనకి కడియం వైపు కౌలు పొలం ఉంది. సార్వా, అంటే తొలకరి వరి నాట్లప్పుడు బండి అసలు కనిపించదు. మేము అప్పుడు ఇంట్లో ఇడ్లీతో సరిపెట్టుకుంటాం.

మధ్యాహ్నం భోజనానికి జనార్దనస్వామి కొండ కింద వీధిలో ఒక ఇల్లుంది. భార్యాభర్తలిద్దరే వండి వడ్డిస్తారు, పదకొండులోపు ఫోన్ చేసి ఎంతమందో చెప్పాలి. అరటాకు, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి మామూలే. నేను వెళ్ళేది కంద బచ్చలి కూర కోసం. లంకల్లో పండిన కంద ఉడికిస్తే వెన్నలా మెత్తబడుతుంది. దాన్ని బచ్చలితో కలిపి, చింతపండు పులుసు పోసి, దించాక ఆవ నూరి కలుపుతారు. ఆవ ఘాటు ముక్కుకి తగిలితేనే ఆ కూర. వేడి మీద కలిపితే చేదొస్తుందని, పొయ్యి దించి కాస్త ఆగి కలపాలని ఆవిడ మా ఆవిడకి చెప్పింది. పనసకాయల రోజుల్లో పనసపొట్టు కూరలో కూడా ఇదే ఆవ. గోదావరి వంటలో కారం కన్నా ఆవ పెద్దదని నాకు అక్కడే అర్థమైంది.

ఇక ఆత్రేయపురం. పూతరేకులు హైదరాబాదులోనూ దొరుకుతాయి, అట్టపెట్టెల్లో. తయారయ్యే చోట తినాలని బ్యారేజీ మీదుగా బయల్దేరాం. శనివారం మాత్రం ఆ దారి పట్టకండి. వాడపల్లి వెంకటేశ్వరస్వామికి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళతో రోడ్డు నిండిపోతుంది. మామూలు రోజుల్లో అయితే బొబ్బర్లంక దాటాక ఒక పక్క కాలువ, ఇంకో పక్క కొబ్బరితోటలు, అరటితోటలు. బండి నడిపేవాడికి కూడా తొందర ఉండదు.

ఊళ్ళో రోడ్డు మీదంతా దుకాణాలే. మామ్మగారికి తెలిసినవాళ్ళింటికి వెళ్ళాం, అక్కడ రేకులు తీస్తారు. వెనక వసారాలో పొయ్యి. దాని మీద కుండ బోర్లించి ఉంది. ఇందుకోసమే ప్రత్యేకంగా చేసిన కుండ, ఒక పక్క మంట పెట్టడానికి నోరు, పైన నున్నటి గుండ్రం. ఎండు కొబ్బరాకు కొంచెం కొంచెంగా తోస్తూ మంట ఒకే తీరుగా ఉంచుతున్నారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి పలచగా పళ్ళెంలో ఉంది. వేరే బియ్యంతో రేకు సాగదని, చిరిగిపోతుందని చెప్పారు. ఆవిడ పలుచని గుడ్డ ముక్కని రెండు చేతులతో పట్టుకుని పిండిలో ముంచి, కుండ మీద పరిచినట్టే పరిచి లాగేసింది. లాగిన చోట తెల్లటి పొర, పొరలోంచి కుండ నలుపు కనిపిస్తోంది. నేను చూసేలోపే అది ఆరిపోయి అంచు లేచింది. గోటితో అంచు పట్టి ఒలిచి పక్కన పెట్టి మళ్ళీ గుడ్డ ముంచింది. ఎంత వేడి కుండో, ఎంతసేపు ఆ పొగలో కూర్చోవాలో చూస్తే దుకాణంలో బేరమాడటానికి నోరు రాదు. మా పాప ఒక వట్టి రేకు నోట్లో పెట్టుకుంది, రుచి ఏం లేదంది. తర్వాత తడిగుడ్డతో రేకుని మెత్తబరిచి, నెయ్యి చిలకరించి, బెల్లంపొడి చల్లి మడిచి ఇస్తే మాట్లాడకుండా తినేసింది.

పంచదారవి, బెల్లంవి, ఇప్పుడు జీడిపప్పు బాదంపప్పు వేసినవి, చాక్లెట్‌వి కూడా వచ్చాయి. నా ఓటు బెల్లం, నెయ్యి. మిగతావి వేస్తే రేకు వెనక్కి పోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి ఎక్కడ పడితే అక్కడ చేసి అమ్మకుండా ఉంటే ఈ పొయ్యిల దగ్గర కూర్చునే ఆడవాళ్ళకి మేలు జరగాలి, జరగాలనే నా కోరిక. వచ్చేటప్పుడు లొల్ల లాకుల దగ్గర ఆగి కొబ్బరిబోండాలు తాగాం. వేసవిలో ఇదే దారిలో మామిడి తాండ్ర, ముంజెలు. అప్పటికి కాలువలకి నీళ్ళు వదలడం ఆపేస్తారు కాబట్టి నీళ్ళు లేక అడుగు బురద కనిపిస్తుంది. నాకు ఆ రోజుల్లో ఆ దారి నచ్చదు, తాండ్ర కోసం వెళ్తాను.

సాయంత్రాలకి మ్యూజియం దగ్గర చూసిన ఆ బజ్జీల బండి. పొడవాటి మిరపకాయ బజ్జీని నిలువునా చీల్చి, లోపల ఉల్లిపాయ, కారం, నిమ్మరసం కూరి ఇస్తాడు. టమాటా బజ్జీ కూడా అంతే, కోసి మరమరాలు, వేరుశెనగలతో కలిపి మిక్చర్ చేసి పొట్లంలో పోస్తాడు. అది పట్టుకుని గట్టు మీద నిలబడి తింటుంటే ఎదురుగాలి. ఇంకో బండిలో వారానికి రెండు సాయంత్రాలు దిబ్బరొట్టె వేస్తారు. మందపాటి మూకుట్లో మినపపిండి పోసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద ఓపికగా కాల్చాలి. అడుగు ఎర్రగా గట్టిపడి, లోపల దూదిలా పొంగుతుంది. చెరుకు పానకంతో తినమని మామ్మగారు అంటారు, నేను ఆవకాయతో తింటాను.

జూలై, ఆగస్టు వచ్చేసరికి ఊరు మాటలే మారిపోతాయి. టీకొట్టు దగ్గర అందరి నోటా నీటిమట్టమే. 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. ఎర్రనీళ్ళు సముద్రంలోకి తోసుకుపోతుంటే, ఆ నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి పులస పైకి వస్తుంది, గుడ్లు పెట్టడానికి. ఎంత దూరం ఎదురీదితే అంత రుచి అంటారు. ఆనకట్ట కట్టకముందు ఇంకా చాలా పైకి వెళ్ళేదట. ఇప్పుడు బ్యారేజీ అడ్డు కాబట్టి ధవళేశ్వరం, బొబ్బర్లంక దగ్గరే దాని ప్రయాణం ఆగిపోతుంది. అందుకే సముద్రం దగ్గరున్న యానాంలో పట్టిన దానికన్నా ఇక్కడ పట్టిన దానికి గిరాకీ.

ఒకరోజు పొద్దున్నే చేపలమ్మే అక్క గుమ్మంలోకి వచ్చి, "అమ్మగోరూ, పడిందండీ" అంది. మామ్మగారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చారు. వెండిలా మెరుస్తున్న చేప, వీపు మీద కాస్త ఆకుపచ్చ నీడ. మామ్మగారు మొప్ప ఎత్తి చూశారు, పొట్ట నొక్కి చూశారు. గుడ్డు చేపే. ధర చెప్పను, మా రెండు కుటుంబాలూ పంచుకున్నాం. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చే అదే జాతి చేప ఇలసల్ని పులస పేరుతో అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి తెలిసిన పడవవాళ్ళ దగ్గర తప్ప కొనకండి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మామ్మగారి దగ్గర ఎత్తాను. "పుస్తెలెందుకమ్ముకోవడం బాబూ, దొరికిన ఏడు తినాలి, దొరకని ఏడు ఊరుకోవాలి" అన్నారు.

వంట పెరట్లో కట్టెల పొయ్యి మీద, మట్టిదాకలో. ఉల్లిపాయ ముద్ద నూనెలో వేగాక కారం, పసుపు, చిక్కటి చింతపండు పులుసు. ముక్కలు వేశాక గరిటె పెట్టనివ్వలేదు, దాకనే రెండు చేతులతో పట్టుకుని తిప్పారు. బెండకాయలు, పచ్చిమిరపకాయలు నిలువుగా వేశారు. దించే ముందు కొత్తావకాయ మీద తేలిన నూనె ఒక గరిటెడు. వాసనకి పక్కింటివాళ్ళు గోడ మీంచి పలకరించారు. అయినా ఆ పూట మాకు పెట్టలేదు. "ముక్కకి పులుసు పట్టాలి, రేపు పొద్దున్న రండి" అన్నారు. మర్నాడు చద్దన్నంలో వేసుకుని తిన్నాం. ముళ్ళు చాలా ఎక్కువ, సన్నటివి, తొందరపడితే గొంతులో గుచ్చుకుంటాయి. మా ఆవిడ పాపకి ఒక్కో ముల్లూ తీసి పెడుతూ తన ముక్క చల్లారబెట్టుకుంది. కొవ్వు పులుసులోకి దిగి, అంత పుల్లటి పులుసూ తియ్యగా అయిపోయింది. ఆ రుచి నేను ఇంకే చేపలోనూ చూడలేదు.

దొరకడం మాత్రం ఏటా తగ్గిపోతోందని పడవవాళ్ళు బాధపడుతున్నారు. గుడ్డుతో ఉన్నదాన్నే అందరూ కోరుకుంటాం, గుడ్లు పెట్టకముందే పట్టేస్తాం, పైకి వెళ్ళే దారికి గేట్లు అడ్డం. సన్నకన్ను వలలు ఆపమని వాళ్ళల్లోనే కొందరు అంటున్నారు. ఇది ఆలోచించాక నేను ఏడాదికి ఒక్కసారే తినాలని నిర్ణయించుకున్నాను. మామ్మగారికీ చెప్పాను, సరేనన్నారు.

ఇప్పుడు వరద తీసింది, కాలువల్లో నీళ్ళు తేటపడ్డాయి. చేపలమ్మే అక్క నిన్న వచ్చి, తూర్పుగాలి తిరిగితే యానాం వైపు చీరమీను అనే చిట్టి చేప పడుతుందని, కార్తీకంలో ఆశ పెట్టుకోమని చెప్పింది. అంత చిన్న చేపల్ని సేర్లలెక్కన కొలిచి అమ్ముతారట, చింతచిగురు వేసి వండుతారు, గారెలు కూడా వేస్తారట. మామ్మగారు కార్తీకమాసం నెలంతా నీచు ముట్టరు. అందుకని వండటం మా ఆవిడకి ముందే నేర్పుతానన్నారు. కోటిపల్లి మీదుగా గట్టు రోడ్డున వెళ్తే, కాస్త పక్కకి తిరిగి ద్రాక్షారామం కూడా చూడొచ్చు. సెలవు చూసుకుని బయల్దేరాలి.