మామిడి జీడి పిండి: నా అనుభవం

విజయవాడలో మే నెలంతా దగ్గర్లోని నున్న మామిడి మార్కెట్ కాయే. తాండ్రకో జ్యూస్‌కో రసం తీశాక టెంకలు బస్తాలకొద్దీ మిగులుతాయి. టెంకలోని జీడిలో నూటికి పది దాకా కొవ్వు, బోలెడు పిండిపదార్థం ఉంటాయి. అడ్డమల్లా టానిన్, అంటే ఆ వగరే.

టెంకల్ని రసం తీసిన రోజే కడగాలి. రసాల టెంకకు పీచు ఎక్కువ, అందులో గుజ్జు ఉండిపోతే రెండో రోజుకే బూజు. బంగినపల్లి శుభ్రం చేయడం తేలికే గానీ జీడి పలచన. కడిగిన టెంకలు ఆరడానికి మే ఎండలో మూడు నాలుగు రోజులు చాలు. ఊపితే లోపల జీడి గలగలమనాలి. అప్పుడు అంచు మీద నిలబెట్టి పచ్చడిబండతో ఒక్క దెబ్బ. నల్లమచ్చ, పురుగు తొలిచిన బొక్క ఉన్నది పారేయాల్సిందే, చెక్కి వాడకూడదు.

జీడి మీది గోధుమరంగు పొర తీసి స్టీలు చాకుతో పలచగా తరగాలి. ఇనప కత్తిపీట పెడితే ముక్క అంచు చూస్తుండగానే సిరా రంగుకు తిరుగుతుంది, టానిన్ ఇనుముతో కలిసి. ముక్కలు మునిగేలా నీళ్లు పోసి రెండు రోజులు నానబెట్టాలి. పూటకోసారి నీళ్లు మార్చమంటారు, మన ఎండలకు అది చాలదు. రోజుకు నాలుగుసార్లు మార్చకపోతే పులిసి వాసనొస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. ముక్క కొరికితే నాలుక పిడచగట్టకూడదు. పిడచగట్టిందా, మళ్లీ ఉడికించడమే.

విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెట్టి మర పట్టిస్తే, 5 కిలోల పచ్చి టెంకలకు కిలోలోపే పిండి. తొలకరి పడ్డాక మొదలుపెడితే ముక్క ఆరదు, శ్రమంతా వృథా.

గోధుమపిండి తొమ్మిది పాళ్లకు ఇది ఒక పాలు. ఇందులో జిగురుండదు, ఎక్కువేస్తే చపాతీ అంచులు విరుగుతాయి. వేడినీళ్లతో కలిపితే కొంత నయం. కొవ్వున్న పిండి కాబట్టి డబ్బాలో బయట ఉంచితే పాతనూనె వాసనేస్తుంది, ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

విరేచనాలకు జీడిపొడి మజ్జిగలో ఇవ్వడం పాతకాలపు వైద్యమే, పని చేసేది ఆ వగరే. అందుకే మలబద్ధకం ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మేలు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టానిన్ అడ్డుపడుతుంది, రక్తహీనత ఉన్నవాళ్లకూ వద్దు.

ఇక మామిడి తొక్కను కూడా పొడి చేద్దామంటే, అందులో పీచు, పెక్టిన్ (జామ్‌ను గట్టిపరిచే పదార్థం) బాగానే ఉంటాయి. కానీ సొన అంటితే మూతి దురద పెట్టేవాళ్లకు తొక్క పొడీ పడదు.