వెబ్‌సైట్‌కు కొత్త విషయం ఊరి కైఫీయతుల్లో ఉంది

వెబ్‌సైట్లు నడిపేవారిలో చాలామంది ఇతరులు రాసినదానినే మాటలు మార్చి మళ్ళీ రాస్తున్నారు. దానివల్ల పాఠకులకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఊళ్ళ చరిత్ర రాయదలచినవారికి నేను ముందుగా సూచించేది కైఫీయతులను. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల వంటి సహాయకుల ద్వారా సేకరింపజేసిన ఈ స్థానిక వృత్తాంతాల్లో, ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు వంటి సంగతులు ఉంటాయి.

అయితే వాటిని యథాతథంగా ఎక్కిస్తే సరిపోదు. కైఫీయతులో పేర్కొన్న చెరువు గట్టు మీదికి వెళ్ళి, తూము ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఫొటో తీసి, ఆయకట్టు రైతులు చెప్పినది రాసుకుని, ఆ పాత కథనం పక్కన పెట్టినప్పుడే అది మన సొంత రచన అవుతుంది. స్థలపురాణాలు కూడా వాటిలో కలిసిపోయి ఉంటాయి కనుక శాసనాలతో సరిచూడడం తప్పనిసరి.

ఆ చెరువు మరమ్మతులకు అయిన ఖర్చును 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కైఫీయతుల అచ్చు ప్రతిని వాడుకునేవారు మాత్రం ఒకటి గమనించాలి: మూలపాఠం ఎంత పాతదైనా, ఈనాటి సంపాదకుల పీఠికలకు, వివరణలకు కాపీరైట్ హక్కులు విడిగా ఉంటాయి.