కలివికోడి లేని జాబితా

ఆదివారం. పొద్దున ఆరింటికే కరెంటు పోయింది. గ్రైండరు సగంలో ఆగిపోవడంతో ఇడ్లీ ఆశ వదిలేసి ఉప్మా చేశాను. కరెంటు వచ్చేదాకా చేసేదేం లేక, ఫోన్లో ఎప్పటినుంచో దాచుకున్న పాత పేజీలు తెరిచాను. వర్నే సర్వే తాలూకు పక్షుల వివరాలవి.

1929లో మొదలైన సర్వే. ఆర్థర్ వర్నే అనే పాత వస్తువుల వ్యాపారి డబ్బు పెడితే, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మనుషులు తూర్పు కనుమల్లో తిరిగి పక్షులను సేకరించారు. వాటిని పోల్చి రాసింది పక్షుల నిపుణులు విస్లర్, కిన్నియర్. విస్లర్ పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసి, అప్పటికి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. వాళ్ళ రాత 1930 నుంచి 1937 దాకా సొసైటీ పత్రికలో భాగాలు భాగాలుగా వచ్చింది.

ఇందులో నల్లమల, శేషాచలం, లంబసింగి, అనంతగిరి పేర్లు చూస్తే చుట్టాల పేర్లు చదివినట్టుంటుంది. పాలకొండ అని చూసి, శ్రీకాకుళం వైపు పాలకొండ అనుకుని మొదట తికమకపడ్డాను. కాదు, మా కడప దగ్గరి పాలకొండలే!

పిట్ట పేరు కింద ఆడదా మగదా, ఏ తేదీన, ఎన్ని అడుగుల ఎత్తున దొరికింది, రెక్క పొడవెంత, ముక్కు పొడవెంత, ఇవీ వివరాలు. కంటి రంగు, కాళ్ళ రంగు కూడా. పక్షి చచ్చాక ఆ రంగులు మారిపోతాయి కాబట్టి వెంటనే రాసుకోవాలి. తర్వాత చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టేవారు. నాకు ఆ కంటి రంగు దగ్గరే మనసు ఆగిపోతుంది. కాల్చి చంపిన చేతులే, కన్ను ఏ రంగులో ఉందో అంత జాగ్రత్తగా రాశాయి.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఏందమ్మా, పరీక్షకు చదివినట్టు చదువుతాండావు?" అన్నాడు.

"మన కొండల్లో పిట్టల లెక్క నాన్నా. తొంభై ఏళ్ళ నాటిది."

"కలివికోడి ఉందా?"

లేదు. జెర్డాన్ అనే దొర చెప్పిన ఆ అరుదైన పక్షికి 1848లో బ్లిత్ అనే శాస్త్రవేత్త శాస్త్రీయ నామం పెట్టాడు. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక మళ్ళీ జాడ లేదు. వర్నే సర్వేకీ దొరకలేదు. ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు. చివరికి 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే ఊరి మనిషి రాత్రిపూట టార్చి వేసి పట్టుకున్నాడు. అక్కడివాళ్ళను అడుగుతూ తిరిగిన పక్షుల శాస్త్రవేత్త భరత్ భూషణ్ వల్ల ఆ సంగతి లోకానికి తెలిసింది. పట్టిన పక్షి బతకలేదు. కానీ ఆ జాతి ఇంకా ఉందని తేలింది. తర్వాత అక్కడి లంకమల కొండలను అభయారణ్యం చేశారు.

ఇదంతా చెబితే నాన్న మామూలుగా, "ఆ దొరలు రాత్రిపూట పోయినారా మరి?" అన్నాడు.

ఏమో, ఎక్కువగా పగలే తిరిగి ఉంటారు. కలివికోడి పగలు ముళ్ళపొదల కింద దాక్కుని, చీకటి పడ్డాకే మేతకు బయటికొస్తుంది. కలివి పొదల్లో ఉంటుందనే ఆ పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళకు అది ఎక్కడుంటుందో తెలుసన్నమాట. పుస్తకంలో లేనంత మాత్రాన కొండలో లేనట్టు కాదని మా నాన్న ఒక్క ప్రశ్నతో తేల్చేశాడు. నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది, ఇన్ని పేజీలు చదివింది నేనాయె.

మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బట్టలు మడవడం. రాసేంత విశేషమేమీ లేదు.

రాత్రి నీళ్ళ ట్యాంకు చూడ్డానికి మేడెక్కితే ఖాళీ స్థలాల వైపు నుంచి తీతువు అరుపు వినబడింది. అమ్మ ఉంటే అపశకునమని లోపలికి లాక్కుపోయేది. కిందికొచ్చి పాల లెక్క రాసే పుస్తకం వెనక పేజీలో రాశాను: ఆదివారం, రాత్రి 9.40, మా మేడ మీద. తీతువు, ఒకటి. విన్నాను, చూడలేదు. కంటి రంగు తెలియదు.