ఒంటి లైటు కారు, 1927 లె మాన్ రేసు, మా చిన్నాయన ఫియట్

పోయిన శుక్రవారం రాత్రి ఆఫీస్ నుంచి వస్తుంటే గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కంగనే నా కారు కుడి హెడ్‌లైట్ పోయింది. పెద్ద ముచ్చటేం కాదు, మన హైదరాబాద్‌ల సగం బండ్లు ఒంటి కన్నుతోనే తిరుగుతయ్, ఎదురుంగ వచ్చేది బైకా ఆటోనా డీసీఎంనా అన్నది మీదికొచ్చే దాక తెల్వదు. తెల్లారి రాణీగంజ్ పోయిన బల్బు కోసం. కౌంటర్ కాడ కూసున్న పెద్దాయన పాత బల్బును ట్యూబ్‌లైట్‌కు ఎత్తి పట్టి ఒక్క చూపు చూసి "ఫిలమెంట్ గయా భాయ్" అన్నడు, డబ్బాలకెళ్లి కొత్తది తీసి ఇచ్చిండు, అంతే, రెండు నిమిషాల పని. కానీ ఆ రోజంత నా తలకాయల రెండు కార్లు తిరుగుతనే ఉన్నయ్. ఒకటి 1927ల ఫ్రాన్స్‌ల లె మాన్ రేసు గెలిచిన బెంట్లీ. ఇంకోటి మా చిన్నాయన ప్రీమియర్ పద్మిని, అంటే మా ఇంట్ల అందరు ఫియట్ అనేటిది.

లె మాన్ 24 గంటల రేసు అంటే ఇప్పుడు మనకు యాదికొచ్చేది రాకెట్ల లెక్క ఉండే కార్లు. కానీ ఆ రేసు పుట్టిందే లైట్ల కోసం అంటే నమ్ముతరా? 1920లల్ల కారు కరెంటు సామాను మీద ఎవ్వరికీ నమ్మకం లేకుండె, హెడ్‌లైట్ వెలుగుతదా, సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయితదా, పైన టాపు గాలికి నిలుస్తదా, అన్నీ డౌటే. అందుకని జార్జ్ డ్యూరాండ్, చార్ల్స్ ఫారూ, ఎమిల్ కొకీ అని ముగ్గురు కూసొని, మామూలు రోడ్డు కార్లనే రాత్రంత తిప్పితే అసలు బండారం బయటపడతదని ఈ రేసు పెట్టిన్రు. మొదటిది 1923 మే 26, 27 తేదీలల్ల. ల్యాపుకు, అంటే ఒక్క చుట్టుకు, 17.262 కిలోమీటర్లు, అంతా ఊర్ల నడుమ మామూలు రోడ్లే. పోల్చి చూసుకోవాలంటే 2023 ఫిబ్రవరిల నెక్లెస్ రోడ్డు కాడ ఫార్ములా ఈ అని కరెంటు కార్ల రేసు అయ్యింది కద, ఆ ట్రాక్ 2.83 కిలోమీటర్లు, అట్లాంటివి ఆరు కలిపితే లె మాన్‌ల అప్పటి ఒక్క ల్యాపు. నేను ఆ రేసు చూసిన, గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ అదే ఏడాది జూన్‌ల లె మాన్ నూరేండ్ల రేసుల ప్యూజో కూడ నడిపిండు. బాగనే ఉండె గాని సప్పుడు లేని కార్లు, పొద్దుగూకక ముందే అయిపోయే రేసు, నాకైతే కడుపు నిండలే.

1923 రేసుల వాన, వడగండ్లు, బురద. 33 కార్లు బయల్దేరితే 30 చివరిదాక వచ్చినయ్, ఎవ్వరూ అనుకోలే అన్ని వస్తయని. లగాష్, లెయొనార్ అనే ఇద్దరు షెనార్ వాకర్ కారుల 2209 కిలోమీటర్లు తిరిగి అందరికన్న ఎక్కువ దూరం పోయిన్రు, యావరేజ్ గంటకు 92. ఇంగ్లండ్ నుంచి ఒకే ఒక్క బెంట్లీ వచ్చింది, జాన్ డఫ్ అనే ఆయన సొంత కారు, ముందు చక్రాలకు బ్రేకులే లేవు. కంపెనీ ఓనర్ డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఇదంత పిచ్చి పని అనిపించింది, కార్లను ఇట్ల చావగొట్టుడేందని, అయినా ఆఖరికి మనసాగక తను కూడ వచ్చిండు. రాత్రి ఒక రాయి ఎగిరొచ్చి ఒక హెడ్‌లైట్ పగిలింది, తెల్లారినంక ఇంకో రాయి పెట్రోల్ ట్యాంకుకు చిల్లు పెట్టింది. కారు దూరంగ ఆగిపోతే డఫ్ మైళ్లకు మైళ్లు పిట్ దాక, అంటే కార్లను బాగుచేసుకునే జాగ దాక, ఉరికొచ్చిండు, ఇగ ఆయన పార్ట్‌నర్ క్లెమెంట్ ఒక సైకిల్ పట్టుకొని పెట్రోల్ మోసుకుంట పోయి, చిల్లు మూసి, కారు నడిపిచ్చుకొచ్చిండు. నాలుగో ప్లేస్. మరుసటి ఏడాది, 1924ల, వీళ్లిద్దరే గెలిచిన్రు.

తర్వాత రెండేండ్లు బెంట్లీకి శని పట్టింది. 1925 ముచ్చట చెప్తే నవ్వొస్తది. రూల్ ఏందంటే మొదటి 20 ల్యాపులు టాపు వేసుకొని నడపాలె, ఆ 20 అయ్యేదాక పెట్రోల్ పోయించుకోవద్దు. టాపు వేస్తే గాలి ఎంత ఆపుతదో, దానికి పెట్రోల్ ఎంత ఎక్స్‌ట్రా తాగుతదో సరిగ లెక్క వేయలే. బెంట్లీ నడిపే కెన్సింగ్టన్ మోయర్ ఫుల్ జోష్‌ల సన్‌బీమ్ అనే ఇంకో కారుతోని కొట్లాడుకుంట పోయి 20 ల్యాపులు నిండక ముందే ట్యాంక్ ఖాళీ చేసిండు, రోడ్డు మీద నిలబడిండు. రిజర్వ్‌ల పెట్టుకొని టోలీచౌకి దాక పోయొస్త అనుకునే మనోళ్ల లెక్కనే. 1926ల రేసు అయిపోనీకి అరగంట కూడ లేదనంగ, సామీ డేవిస్ రెండో ప్లేస్ కోసం ముందు కారును దాటబోయి మల్సాన్ మూల కాడ ఇసుకల గుద్దిండు. ఆ కారు నంబర్ 7. అందుకే దానికి ఓల్డ్ నంబర్ సెవెన్ అని పేరు పడ్డది, 1927 రేసుల నంబర్ 3 వేసుకొని వచ్చినా గుడ పేరు మారలే.

ఇగ అసలు కథ. 1927 జూన్ 18, శనివారం. 22 కార్లే వచ్చినయ్. బెంట్లీవి మూడు. కొత్త నాలుగున్నర లీటర్ల ఇంజిన్ కారు ఒకటి, క్లెమెంట్, క్యాలింగమ్‌లది, అందరికన్న ఫాస్ట్ అదే. ఇంక రెండు మూడు లీటర్ల కార్లు. ఒకటి జార్జ్ డల్లర్‌ది, ఈయన అసలు గుర్రప్పందేల జాకీ, పార్ట్‌నర్ డెర్లాంజే. ఇంకోటి మన ఓల్డ్ నంబర్ సెవెన్, డాక్టర్ బెంజాఫీల్డ్, సామీ డేవిస్ నడిపేది. బెంజాఫీల్డ్ నిజంగ డాక్టరే, బ్యాక్టీరియాల స్పెషలిస్టు. డేవిస్ ఆటోకార్ అనే పత్రికల స్పోర్ట్స్ ఎడిటర్. అంటే డ్యూటీ చేసుకునేటోళ్లు సెలవు పెట్టి వచ్చి రేసు నడుపుతున్నరన్నట్టు, నాకు ఈ పాయింటే మస్తు నచ్చుతది.

రాత్రి తొమ్మిదిన్నర దాటింది, చీకటి పడుతున్నది. మెజోన్ బ్లాంష్ అంటే తెల్ల ఇల్లు, రోడ్డు పక్కనే ఒక ఇల్లు, అక్కడ మలుపు. ఫ్రెంచోళ్ల ష్నీడర్ కారు, టబురాన్ అనే ఆయనది, అక్కడ అదుపు తప్పి రోడ్డుకు అడ్డం పడ్డది. వెనకనే నాలుగున్నర లీటర్ల బెంట్లీల క్యాలింగమ్, తప్పిద్దామని తిప్పితే కారు కాలువల బోల్తా. దాని మీదికి డల్లర్ బెంట్లీ. నిమిషాలల్ల రోడ్డంత ఇనుప సామాను. టబురాన్‌కు పక్కటెముకలు ఇరిగినయ్, ఈ కథ చెప్పేటోళ్లు ఆయన పేరు కూడ తల్సుకోరు, ఆయనేదో విలన్ అన్నట్టు.

ఆ తర్వాత వచ్చింది డేవిస్. మలుపు ఇంకా రాకముందే రోడ్డు మీద మట్టి, చెక్క ముక్కలు చెదిరి కనపడ్డయట, ఇంతకు ముందు ల్యాపుల ఇవి లేవు కద అనుకొని కొంచెం స్లో చేసిండు. ఆ కొంచెమే కాపాడింది. అయినా ఆగలే, కారు అడ్డంగ జారుకుంట పోయి తగిలింది. ముందు యాక్సిల్ వంకర, ఛాసిస్ వంకర, కుడి మడ్‌గార్డ్ నుజ్జు, కుడి హెడ్‌లైట్ ఖతం. ఆయన దిగి అందరు బతికే ఉన్నరా అని చూసి, ఆ కుప్పలకెళ్లి కారును వెనకకు పీక్కొని పిట్ దాక ఈడ్చుకొచ్చిండు. అక్కడ మెకానిక్ చెయ్యి పెట్టొద్దు, రూల్, డ్రైవరే చెయ్యాలె. ఓనర్‌తో సహా అందరు ఎదురుంగ నిలబడి చూసుడే. ఆయన సుత్తెతోని కొట్టి, తీగెలు కట్టి, లైటు పోయిన దానికి బదులు ఒక టార్చ్ కట్టి అరగంటల మళ్ల రోడ్డెక్కిండు. పైన వాన.

ఇక్కడ ఒక్క నిమిషం, మా చిన్నాయన.

1996. నేను ఎనిమిదో తరగతి. సూర్యాపేటల పెండ్లి చూసుకొని రాత్రి బయల్దేరినం, విజయవాడ రోడ్డు అప్పుడు ఇంత వెడల్పు లేదు, ఎదురుంగ లారీ వస్తే ఇద్దరిల ఒకరు మట్టిల దిగుడే. నార్కట్‌పల్లి దాటినంక లారీ లైట్ల వెలుగుకు కండ్లు చెదిరి చిన్నాయన ముందున్న బర్రెను చూడలే. బర్రె లేచి దులుపుకొని పోయింది. మా ఫియట్‌కు మాత్రం ఎడమ హెడ్‌లైట్ లేదు, మడ్‌గార్డ్ వంగి టైరుకు రాస్తున్నది. చిన్నమ్మ "పొద్దుగాల పోదాం, ఏదన్న హోటల్ కాడ ఆపుండ్రి" అని మొత్తుకుంటున్నది. చిన్నాయన వింటడా, "నాకు పొద్దుగాల డ్యూటీ ఉంది" అని జాకీ రాడ్ పెట్టి మడ్‌గార్డ్ పీకిండు, మూడు సెల్లుల టార్చ్‌ను తువ్వాలతోని పగిలిన లైటు గూట్లె కట్టిండు. తువ్వాల ఊడినప్పుడల్ల ఆపి నన్ను దించి "గట్టిగ కట్టురా" అనుడు. ఆ టార్చ్‌తోని రోడ్డు ఏం కనపడదు, కానీ ఎదుటోడికి ఇది కారు, బైక్ కాదు అని తెలుస్తది. అదే దాని పని. లె మాన్ టార్చ్‌ది కూడ అదేనని నా అనుమానం.

సరే, లె మాన్‌కు వద్దాం. రాత్రంత, పొద్దంత బెంజాఫీల్డ్, డేవిస్ వంతులేసుకొని ఆ వంకర కారును తిప్పుతనే ఉన్నరు. ముందుల ఏరియస్ అనే ఫ్రెంచి కారు, లాలీ, షసాన్‌లది, కొన్ని ల్యాపుల లీడ్‌ల హాయిగ పోతున్నది. బెంట్లీ దాన్ని పట్టుకునే సీనే లేదు. అయితే ఆ ఇంజిన్ సౌండ్ ఏదో తేడా కొడుతున్నదని బెంట్లీ పిట్‌ల పసిగట్టిన్రు, తమ కారుకు స్పీడ్ పెంచమని సిగ్నల్ ఇచ్చిన్రు. రేసు అయిపోనీకి గంటన్నర ఉందనంగ ఏరియస్ రోడ్డు పక్కన ఆగింది, ఇగ లేవలే. దీన్ని అందరు బెంట్లీ మొండితనం అని రాస్తరు, నేను ఒప్పుకోను, లాలీ, షసాన్ ఓడిన్రు అనాలె, పాపం. కాకపోతే ఎదుటోడు ఓడే టైముకు నువ్వు రోడ్డు మీద ఉండాలె కద, అది డేవిస్ సంపాదించుకున్నది.

మొత్తం 137 ల్యాపులు, 2369 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెజవాడ నాలుగు సార్లు పోయొస్తే కూడ ఇంకా కొంత తిరగాలె. యావరేజ్ గంటకు 98 పైన, వంకర యాక్సిల్‌తోని. రెండో ప్లేస్ సాల్మ్‌సన్ అనే చిన్న కారు, 20 ల్యాపుల వెనక, అంటే వీళ్లు ఏలూరు దాటంగ వాళ్లు ఇంకా ఎల్బీ నగర్ల ఉన్నట్టు. ఏడు కార్లే చివరిదాక మిగిలినయ్.

లైట్ల ముచ్చటల ఇంకోటి చెప్తరు, 1930 మిల్లె మిగ్లియా, ఇటలీల వెయ్యి మైళ్ల రేసు, నువొలారీ అనే డ్రైవర్ తన ముందున్న ఇంకో డ్రైవర్ వార్జీకి తెల్వకుండ హెడ్‌లైట్లు బంద్ చేసుకొని వెనకకెళ్లి వచ్చి దాటేసిండని. గెలిచింది నిజం, లైట్ల కథల మసాలా ఉందని చాలమంది అంటరు. ఏమోగాని మన అవుటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి లైట్లు లేకుండ పోయే ట్రాక్టర్లను చూస్తే ప్రతోడు నువొలారీనే.

రేసు తర్వాత లండన్‌ల సవాయ్ హోటల్‌ల పెద్ద విందు పెట్టిన్రు. ఓల్డ్ నంబర్ సెవెన్‌ను అట్లనే, దెబ్బలతోని, డైనింగ్ హాల్ లోపటికి తెచ్చి టేబుళ్ల నడుమ నిలబెట్టిన్రు. ఆ రోజు ముఖ్య అతిథి అదే.

మేము ఇల్లు చేరెసరికి తెల్లారుగట్ల మూడు. చిన్నమ్మ దారి పొడుగు తిట్టుకుంటనే వచ్చింది, దిగంగనే మాత్రం లోపటికి పోయి ఉప్పు, మిరపకాయలు తెచ్చింది. నేను, చిన్నాయన పక్కపక్కన నిలబడ్డం దిష్టి తీస్తదని. మమ్మల్ని "జరుగుండ్రి" అని పక్కకు తోసి ఫియట్ చుట్టు మూడు సార్లు తిప్పింది. కొత్త లైటు దొరికే దాక, పదిహేను రోజులేమో, చిన్నాయన ఆ టార్చ్ కట్టుకునే డ్యూటీకి పోయిండు.