గుజ్రన్‌వాలా అమ్మాయి, కొరియా పాటలు

"ఏమ్మా, అంత పెద్ద ఊళ్ళో మనవాళ్ళే దొరకలేదా నీకు? ఆ పాకిస్తాన్ పిల్లలతో కలిసి ఆ లిప్‌స్టిక్ కుర్రాళ్ళ పుట్టినరోజులేంటి?" అబుదాబిలో ఉండే మా పెద్దమ్మ కొడుకు పంపిన వాయిస్ మెసేజ్ ఇది, స్టేటస్‌లో నేను పెట్టిన ఒకే ఒక్క ఫొటో చూసి. పెద్దవాడు కదా, "సరే అన్నయ్యా" అని ఊరుకున్నాను. కానీ అప్పట్నుంచి ఏ పని చేస్తున్నా అదే మాట బుర్రలో తిరుగుతోంది.

ఫొటోలో నా పక్కనున్నది మా రూమ్మేట్, ఊరు పాకిస్తాన్‌లోని గుజ్రన్‌వాలా. షార్జాలో నలుగురం ఒకే గదిలో బెడ్‌స్పేస్ తీసుకుని ఉంటున్నాం. నాది క్లినిక్‌లో బిల్లింగ్, తనది ల్యాబ్‌లో రిసెప్షన్. నన్ను బాజీ అంటుంది, అంటే అక్క. సెప్టెంబర్ 1న బీటీఎస్‌లో, అంటే ఏడుగురు కుర్రాళ్ళున్న కొరియా పాటల బృందంలో, అందరికన్నా చిన్నవాడు జంగ్‌కుక్ పుట్టినరోజు. ఆ రోజుకి అభిమానులంతా కలిసి ఒక కెఫే మాట్లాడుకుంటారు, కాఫీ కొంటే అతని బొమ్మ అచ్చేసిన అట్ట తొడుగు కప్పుకి వేసిస్తారు, కాసేపు పాటలు, కేకు, అంతే. వచ్చినవాళ్ళంతా ఆడపిల్లలే, సగం మంది తల మీద దుపట్టా. తను కాఫీ తాగాక ఆ తొడుగు విప్పి, అంటుకున్న తడి తుడిచి, చదును చేసి డైరీలో పెట్టుకుంది. ఇంకోటి అడిగి తీసుకుంది, చెల్లెలికి. ఊరెళ్ళేవాళ్ళ చేతికిచ్చే సూట్ పీసుల మడతల మధ్య, వంగకుండా పెట్టింది.

2021లో ఇదే పుట్టినరోజుకి వాళ్ళ ఊళ్ళో అభిమానులు ఒక హోర్డింగ్ పెట్టించారు. పిల్లలు చెడిపోతారని ఫిర్యాదులు రావడంతో గంటల్లోనే దింపేశారు. తను చూడ్డానికి బయల్దేరేసరికే అక్కడ ఏమీ లేదట.

మా తణుకులో హీరో పుట్టినరోజుకి ఎవరు ఫిర్యాదు చేశారు? కటౌట్లు, పాలాభిషేకాలు, అర్ధరాత్రి దాకా డీజే. బెనిఫిట్ షో టికెట్ కోసం రాత్రంతా నిలబడి చొక్కా చింపుకుని ఇంటికొచ్చిన మా అన్నయ్యని పెద్దమ్మ నాలుగు తిట్టి, మళ్ళీ తనే వేడన్నం పెట్టింది. ఆ హీరో అంటే నాకూ ప్రాణమే. నన్ను మాత్రం మొదటి వారం హాలు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు, జనం తగ్గాక అమ్మతో మ్యాట్నీ. అభిమానం అనేదే మగపిల్లల సొత్తులా పెరిగాం మేము. ఈ పాకిస్తాన్ అమ్మాయిలకి అందిన సంగీతం అలాంటిది కాదు. దానికి హాలు అక్కర్లేదు, క్యూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక ఫోన్ ఉంటే చాలు, దుప్పట్లో కూడా చూడొచ్చు.

ఆ ఫోన్ కూడా వాళ్ళ చేతికి అంత తేలిగ్గా రాలేదు. బీటీఎస్ వచ్చింది 2013 జూన్‌లో. అప్పటికి పాకిస్తాన్‌లో యూట్యూబ్ మీద నిషేధం ఉంది, 2012 సెప్టెంబర్ నుంచి 2016 జనవరి దాకా. 3జీ, 4జీ వేలం 2014లో జరిగింది. తలుపులు తెరుచుకునే వేళకి గుమ్మంలో ఈ ఏడుగురు ఉన్నారు. 2019లో సరిహద్దు గొడవల తర్వాత అక్కడి హాళ్ళలో హిందీ సినిమాలూ ఆగిపోయాయి. కరెంటు పోయేలోపు మా రూమ్మేట్ వాళ్ళమ్మ ఫోన్లో వీడియోలు డౌన్‌లోడ్ చేసి, చీకట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూసేవాళ్ళట.

ఆ భాష అర్థం కాకుండానే అంత పిచ్చేంటని నేనే ఒకసారి అడిగాను. సబ్‌టైటిల్స్ ఉంటాయిగా బాజీ అంది, తన ఇంగ్లిష్ సగం వాటితోనే వచ్చిందట. మెడిసిన్ సీటు పరీక్ష, అక్కడ ఎండీక్యాట్ అంటారు, అది తప్పిన ఏడాది ఇంట్లో ఎవరూ తనతో సరిగ్గా మాట్లాడలేదు. మన ఎంసెట్ ర్యాంకుల ఇళ్ళు తెలిసినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. బీటీఎస్ తొలి పాటలు అడిగింది బడిపిల్లల్నే, నీ కల ఏంటి, అది నీదేనా అని. కొరియాలోనూ అదే గోల, అక్కడ కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్ లిజనింగ్ జరిగేంతసేపు విమానాలు కూడా దిగనివ్వరు, ఎగరనివ్వరు. పైగా ఈ బీటీఎస్ కుర్రాళ్ళు బుసాన్, డేగు, గ్వాంగ్‌జు లాంటి ఊళ్ళ నుంచి సియోల్‌కి వచ్చి, ఒక చిన్న కంపెనీలో చేరి, మొదట్లో ఏడుగురూ ఒకే గదిలో పడుకున్నారు. "వీళ్ళదీ బెడ్‌స్పేసే బాజీ," అంది. ఆ మాట విన్నాక నేనింక ఆ పాటల్ని పరాయిగా వినలేకపోయాను.

నాకు నచ్చనిదీ ఉంది. ఆల్బమ్‌లో ఏడుగురిలో ఎవరి బొమ్మ ఉన్న ఫొటోకార్డ్ వస్తుందో తెరిచేదాకా తెలియకుండా పెట్టి, కావలసినవాడి కోసం అదే ఆల్బమ్ మళ్ళీ మళ్ళీ కొనిపించడం, అదీ నెల జీతం ఇంటికి పంపే పిల్లలతో, నాకు మంట. తనకీ చెప్పాను. అందుకే ఇప్పుడు కార్డులు మార్చుకునేవాళ్ళ దగ్గర ఒకటే కొంటోంది.

2019 అక్టోబర్‌లో బీటీఎస్ రియాద్ స్టేడియంలో పాడినప్పుడు మా రూమ్మేట్ వాళ్ళ మామూ, అంటే మేనమామ, ఆ ఊళ్ళోనే డ్రైవర్. "నాకు కనీసం చెప్పలేదు మామూ," అని ఫోన్లో ఏడ్చిందట, ఆయనకి అలాంటిదొకటి జరుగుతోందనే తెలియదు పాపం. పాకిస్తాన్ అభిమానులకి సొంత దేశంలో అలాంటి కచేరీ లేదు, ఆ పాస్‌పోర్ట్‌తో కొరియా వీసా కష్టం. గల్ఫ్‌కి రావడం అంటే తన లెక్కలో ఆ వేదికకి కాస్త దగ్గరవడం కూడా. దానికోసం నెలకి కొంత వేరే పెడుతోంది.

2023 జనవరిలో కరాచీ కోరంగిలో పదమూడు, పద్నాలుగేళ్ళ అమ్మాయిలిద్దరు బీటీఎస్‌ని చూడ్డానికి కొరియా వెళ్తామని ఇల్లు వదిలి బయల్దేరితే పోలీసులు లాహోర్‌లో పట్టుకున్నారు. ఎంత ప్రమాదమో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఇంట్లో చెప్పకుండా హీరోని చూడ్డానికి హైదరాబాద్ పారిపోయిన మా వీధి కుర్రాడి కథ ఇప్పటికీ టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పుకుంటారు, ఈ ఇద్దరినీ మాత్రం ఎగతాళి చేశారు. ఆ వార్త వచ్చిన వారమే గుజ్రన్‌వాలాలో వీళ్ళ చెల్లెలి ఫోన్ లాగేసుకున్నారు. ఇక్కడి నుంచి రోజూ డ్యూటీ అయ్యాక వాళ్ళమ్మతో మాట్లాడి, మాట్లాడి, ఆ ఫోన్ తిరిగి ఇప్పించింది మా రూమ్మేటే.