మొరేలియాలో రోసాస్ సంగీత కళాశాల చూశాను: నా అనుభవం

మెక్సికో అనగానే మనవాళ్లు ఎక్కువగా కాంకూన్ బీచ్‌లకే వెళ్తారు. నేను మాత్రం మొరేలియా కోసమే వెళ్లాను, అందులోనూ అక్కడి కన్సర్వేటోరియో దె లాస్ రోసాస్ అనే సంగీత కళాశాల కోసం. చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకున్నదాన్ని, 1743లో ఆడపిల్లల కోసం మొదలుపెట్టి సంగీతం నేర్పిన చోట ఇప్పుడూ సంగీతమే చెబుతున్నారని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

నాది ఇండియన్ పాస్‌పోర్టే, కానీ అమెరికా వీసా ఉండటంతో మెక్సికోకి విడిగా వీసా అడగలేదు. మెక్సికో సిటీలో పడమటి బస్టాండు, అంటే అబ్సర్వతోరియో మెట్రో పక్కనున్నది, అక్కడ బస్సు ఎక్కితే నాలుగు గంటలు దాటాక మొరేలియా. 1541లో స్పెయిన్‌వాళ్లు కట్టిన ఊరు, పాత పేరు వయ్యదోలిద్; స్వాతంత్ర్య పోరాటం నడిపిన మొరేలోస్ ఇక్కడే పుట్టాడని 1828లో ఆయన పేరు పెట్టుకున్నారు. పాత ఊరంతా ఒకే గులాబీరంగు రాయి. కెథడ్రల్ నుంచి కళాశాలకి నడిచే వెళ్లొచ్చు.

అసలు టెన్షన్ గేటు దగ్గర. ఇది మ్యూజియం కాదు, క్లాసులు జరుగుతున్న కాలేజీ, టికెట్ కౌంటర్ లాంటిదేమీ నాకు కనపడలేదు. వాచ్‌మన్‌కి నా వచ్చీరాని స్పానిష్‌లో నేనూ సంగీతం నేర్చుకున్నాను, ఇండియా నుంచి, ఒక్కసారి లోపల చూడొచ్చా అని అడిగాను. ఆయన లోపలికెళ్లి ఎవరినో అడిగొచ్చి, ఇప్పుడు క్లాసులున్నాయి, కాస్త ఆగి రమ్మన్నాడు. ఎదురుగా రోసాస్ తోటలో కాఫీ తాగుతూ కూర్చున్నాను. పై అంతస్తు కిటికీల్లోంచి ఎవరో పియానో మీద ఒకే ముక్క మళ్లీ మళ్లీ సాధన చేస్తున్నారు, తప్పు పడ్డ చోటే ఆగి, మళ్లీ మొదటినుంచి. మన సరళీ వరసల రోజులే గుర్తొచ్చాయి.

తర్వాత పాస్‌పోర్ట్ చూసి లోపలికి పంపించారు. నడిమి వాకిలి చుట్టూ రాతి కమానులు, వాటి వెనక గదుల్లో క్లాసులు. ఒక గదిలో గిటార్, పక్క గదిలో గాత్రం, అన్నీ కలిసి వాకిట్లోకి వస్తున్నాయి. పిల్లలు నేర్చుకుంటున్న చోటు కదా, వీడియో తీయాలనిపించలేదు, ఒక మూల నిలబడి విన్నానంతే.

ఇక్కడ మొదట దొమినికన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన సన్యాసినుల మఠం ఉండేది. వాళ్లు 1738లో కొత్త మఠానికి మారాక ఈ చోటు శాంత రోసా పేరుతో బాలికల విద్యాలయమైంది, తల్లిదండ్రులు లేని, పేద స్పానిష్ కుటుంబాల పిల్లలకి. చదువూ కుట్టుపనితో పాటు సంగీతం కూడా, అదీ పైపైన కాదు, గాత్రమూ వాద్యాలూ రెండూ. అమెరికా ఖండాల్లోకెల్లా మొదటి సంగీత పాఠశాల ఇదేనంటారు. 19వ శతాబ్దంలో అది మూతపడింది, ఇప్పటి కళాశాల ఆ తర్వాత వచ్చింది. అప్పటి స్వరలిపి కాగితాలు మరుగున పడి ఉంటే, మొరేలియాలోనే పుట్టిన స్వరకర్త మిగేల్ బెర్నాల్ హిమేనెస్ వాటిని వెలికి తీసి 1939లో వాటి గురించి పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన ఆ పని చేసి ఉండకపోతే ఆ పిల్లలు ఏం పాడారో, ఏం వాయించారో మనకి ఇంత తెలిసేది కాదు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. పాడినవాళ్ల పేర్లు పోయినా పాట కాగితం మీద మిగిలింది, దాన్ని పట్టించుకునే మనిషి ఒకడు దొరికాడు.

పక్కనే శాంత రోసా చర్చి. వీధివైపు ఒకేలాంటి రెండు ద్వారాలుంటాయి, సన్యాసినుల చర్చిలకి అక్కడ అదే పద్ధతి. లోపల బంగారు రేకు అద్దిన చెక్క బలిపీఠాలున్నాయి, తప్పకుండా చూడండి.

గోడ మీద కచేరీల పోస్టరు చూసి సాయంత్రం మళ్లీ వెళ్లాను. హాలు పేరు నీన్యోస్ కాంతోరెస్, 1949లో మొదలైన మొరేలియా బాలగాయకుల బృందం పేరే. ఆ రోజు విద్యార్థుల కచేరీ. ఒక అమ్మాయి వయొలిన్ వాయిస్తుంటే వాళ్ల టీచర్ కాబోలు, మొదటి వరసలో కూర్చుని ఆ పిల్లకన్నా ఎక్కువ కంగారు పడుతోంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట: సెలవుల్లో కాకుండా క్లాసులు జరిగే రోజుల్లో వెళ్లండి, ఆగమంటే ఆగండి. ముందుగా ఊళ్లోని ప్రాంతీయ మ్యూజియంలో 1738 నాటి ఊరేగింపు పెయింటింగ్ చూడండి, సన్యాసినులు కొత్త మఠానికి కదిలి వెళ్తుంటే ఊరంతా దారిపొడవునా నిలబడిన దృశ్యం అందులో ఉంది. నేను అది మర్నాడు చూశాను. ముందే చూసుకుని వెళ్తే ఆ గోడల మధ్య నిలబడినప్పుడు ఇంకా బాగా అర్థమవుతుంది.