ఊదని విజిల్

మా అబ్బాయికి పన్నెండేళ్లు. వాడు పుట్టకముందు ఎప్పుడో జరిగిన ఒక బాస్కెట్‌బాల్ ఆట గురించి నిన్ననే ఓడిపోయినట్టు బాధపడతాడు. మేముండేది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో పక్కన, ఫోల్సమ్‌లో. ఇక్కడ పెరిగే పిల్లలకి ఆ కథ ఎవరో ఒకరు చెప్పే తీరతారు. మావాడికి చెప్పింది పక్కింటి పెద్దాయన.

2002 మే 31. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, ఫైనల్స్‌కి ముందు జరిగే వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్. నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్లదే సీరీస్. అందులో ఆరో ఆట, లాస్ ఏంజెలెస్‌లో, అక్కడి జట్టు లేకర్స్ మీద. శాక్రమెంటో కింగ్స్ అప్పటికే 3-2తో ముందున్నారు. అదొక్కటి గెలిస్తే ఫైనల్స్‌కి వెళ్లిపోయేవారు. చివరి క్వార్టర్‌లో లేకర్స్‌కి 27 ఫ్రీ త్రోలు, అంటే అవతలివాళ్ల ఫౌల్స్‌కి బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు, వచ్చాయి. పన్నెండు నిమిషాల ఆటలో ఇరవై ఏడు! కింగ్స్ పొడుగాటి ఆటగాళ్లు వ్లాడే దివాట్స్, స్కాట్ పొలార్డ్ ఇద్దరూ ఆరేసి ఫౌల్స్ అయి బయటికెళ్లారు. లేకర్స్ 106-102తో గెలిచారు. రెండు రోజుల తర్వాత ఏడో ఆట కూడా ఓవర్‌టైమ్‌లో వాళ్లదే. కింగ్స్ మళ్లీ ఇప్పటిదాకా ఫైనల్స్ మొహం చూడలేదు.

అయితే మావాడికి ఆ 27 కంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇంకొకటి. ఆఖరి సెకన్లలో లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ మోచెయ్యి కింగ్స్ ఆటగాడు మైక్ బిబ్బీ ముక్కుకి తగిలింది. బిబ్బీ కింద పడ్డాడు, రక్తం వచ్చింది. విజిల్ మోగలేదు. ఆ క్లిప్ వాడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. "అమ్మా, రెఫరీ అక్కడే ఉన్నాడు. చూస్తూ ఊరుకున్నాడు" అంటాడు.

తర్వాతి సంగతి కూడా వాడే ఎక్కడో చదివాడు. టిమ్ డోనగీ అనే రెఫరీ బెట్టింగ్ కేసులో దొరికిపోయాడు, 2008లో 15 నెలల జైలు శిక్ష పడింది. ఆ ఆరో ఆటలో రెఫరీలు కావాలనే అలా చేశారని అతను తన లాయర్ ద్వారా ఆరోపించాడు. లీగ్ ఒప్పుకోలేదు. రుజువు కూడా కాలేదు. "నిజమేనా అమ్మా?" అని అడిగితే, రుజువు కాని మాటని నిజం అనకూడదు నాన్నా, అన్నాను. ఆ ఆట రెఫరీయింగ్ ఘోరంగా ఉందని మాత్రం నేనూ ఒప్పుకుంటాను. దానికి కుట్రే అక్కర్లేదు.

వీటన్నిటి వల్ల వాడికి పట్టుకున్న పిచ్చి, లీగ్ 2015 నుంచి ఇస్తున్న 'చివరి రెండు నిమిషాల రిపోర్ట్'. ఆట ఆఖర్లో హోరాహోరీగా సాగితే, ఆ రెండు నిమిషాల్లో రెఫరీలు తీసుకున్న నిర్ణయాలన్నీ మర్నాడు ఒక పట్టికలో పెడతారు. ఒక్కోదానికి ఒక్కో ముద్ర: ఊదడం సరైనదే, ఊదడం తప్పు, ఊదకపోవడం సరైనదే, ఊదకపోవడం తప్పు. నాలుగోదాన్ని ఇంగ్లీషులో 'ఇన్‌కరెక్ట్ నాన్‌కాల్' అంటారు. 2023 జనవరి 28న బోస్టన్‌లో లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఆఖరి షాట్ వేస్తుంటే బోస్టన్ జట్టు జేసన్ టేటమ్ చేతి మీద కొట్టాడు. అప్పుడూ విజిల్ లేదు. లేకర్స్ ఓవర్‌టైమ్‌లో ఓడిపోయారు. మర్నాడు రెఫరీల సంఘమే తప్పు జరిగిందని ఒప్పుకుంది, దీనివల్ల మాకు నిద్ర పట్టదు అని కూడా రాసింది. లేకర్స్ అంటే గిట్టని మావాడు సైతం ఆ రోజు లెబ్రాన్ వైపే మాట్లాడాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఉగాదికి మా ఇంట్లో పాతికమంది భోజనానికి వచ్చారు. మావారి పెదనాన్నగారు టెక్సాస్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు, పండక్కి మా ఇంటికొచ్చారు. అందరికీ పచ్చడి పంచుతూ మావాడు "తాతగారూ, అమ్మ వచ్చాడు, అడగండి" అన్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకి వచ్చాడు, వచ్చింది దగ్గర తడబాటు మామూలే. ఆయన గట్టిగా నవ్వి, "మీ అమ్మకి మీసాలెప్పుడు మొలిచాయిరా?" అన్నారు. అందరూ నవ్వారు. అక్కడితో ఆగలేదు. వచ్చిన ప్రతివాళ్లకీ పిలిచి మరీ చెప్పారు, వాడితో మళ్లీ ఆ మాట అనిపించబోయారు. వాడి మొహం ఎర్రబడింది. నేను అక్కడే, గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏమీ అనలేదు. నవ్వినట్టు కూడా పెట్టాను మొహం.

మా అమ్మ నేర్పింది అదే. పెద్దవాళ్లు ఒక మాటన్నా నవ్వి ఊరుకోవాలి, అందులోనూ అత్తింటివాళ్లు. అది నా ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఆ గౌరవం నా పిల్లలకీ రావాలనే నా కోరిక, ఇప్పటికీ.

ఆ తర్వాత పది రోజులు వాడు ఇంట్లో తెలుగు మాట్లాడలేదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. ఒక రాత్రి పక్కన కూర్చుని గట్టిగా అడిగితే అన్నాడు, ఇంగ్లీషులోనే: "తాతగారిది ఫౌల్. కానీ నీది ఇన్‌కరెక్ట్ నాన్‌కాల్."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వాడితో చెప్పాను, నిజమే, నేను అప్పుడే ఆపాల్సింది, తప్పు నాది అని. "రిపోర్ట్ ఇచ్చినా స్కోరు మారదు కదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కింగ్స్‌కి ఆ సీరీస్ ఎవరూ తిరిగివ్వలేదు కదా.

మావారు తను మాట్లాడతానన్నారు. వద్దు, ఊరుకున్నది నేను, అన్నాను. టెక్సాస్‌కి ఫోన్ చేసేటప్పుడు చేతులు చల్లబడ్డాయి. పెళ్లయిన పదహారేళ్లలో ఆయనకి ఎదురు మాట్లాడింది లేదు. "పెద్ద మామయ్యగారూ, ఆ రోజు మీరన్న మాటకి పిల్లాడు చాలా బాధపడ్డాడు. తెలుగు మాట్లాడటమే మానేశాడు. నేను అప్పుడే మీతో అనాల్సింది, అనలేకపోయాను" అన్నాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "వాడు ప్రాక్టీస్ నుంచి ఎన్నింటికి వస్తాడమ్మా?" అని అడిగారు.

సాయంత్రం ఆరున్నరకి ఆయనే చేశారు. వాడు ఫోన్ తీసుకుని గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. ఇరవై నిమిషాలు. తలుపు దగ్గర నిలబడి వినాలనిపించినా వినలేదు.

బయటికొచ్చి ఫ్రిజ్ తీస్తూ, తెలుగులోనే, "అమ్మా, తాతగారు సమ్మర్‌లో గేమ్‌కి వస్తుందంట" అన్నాడు.

మావారు, నేను, అమ్మాయి, ముగ్గురం విన్నాం. ఎవరం నవ్వలేదు.